స్నేహ బొటనవేలు కదిలిన రోజు

సహోదరులారా, సహోదరీలారా, నలుగురిలో నిలబడి మాట్లాడడం నాకు అలవాటు లేదు, మాట తడబడితే ఓర్చుకోండి. ఇబ్రహీంపట్నం బస్టాండు వెనక సందులో బట్టలు కుట్టే సునీతను నేను, నా భర్త ప్రభాకర్ పాల వ్యాను నడుపుతారు, మాకు స్నేహ ఒక్కతే కూతురు, నాలుగో తరగతి చదువుతోంది.

ఒకరోజు, ముందునాటి సాయంత్రం దాకా వాకిట్లో తాడాట ఆడిన పిల్లను తెల్లవారి బడికి లేపితే, "అమ్మా, కాళ్లు లేస్తలేవు" అన్నది. నేను ఎత్తి నిలబెడితే తడిబట్టలాగా నా చేతుల మీదికి జారిపోయింది. మధ్యాహ్నానికి చేతులు కూడా పడిపోయాయి, హైదరాబాదు ఆసుపత్రికి చేరేసరికి ఊపిరి అందడం లేదు, ఇది నరాల జబ్బు, వెంటనే ఊపిరి ఆడించే మిషన్ పెట్టాలని డాక్టరమ్మ చెప్తుంటే నాకు ఏడుపు కూడా రాలేదు, పిల్ల స్కూలు బ్యాగు ఎందుకు తెచ్చానో తెలియక దాన్నే పట్టుకొని నిలబడిపోయాను.

దేవుని దయ వల్ల కొన్ని వారాలకు మిషన్ తీశారు. నరాలు మెల్లగా కోలుకుంటాయి, కానీ పిల్ల తనంతట తాను ప్రయత్నించాలి అన్నారు. స్నేహ ప్రయత్నించలేదు. వ్యాయామం చేయించే ఆయన వస్తే కళ్లు మూసుకునేది, మిగతా వేళల్లో గోడవైపే చూసేది, నాతో గానీ తండ్రితో గానీ ఒక్క మాట లేదు. ఆ మంచం కోడు పట్టుకొని నేను చేసిన ప్రార్థన ఇంతే: "ప్రభువా, నడిపియ్యమని అడుగుత లేను. నా బిడ్డను ఒక్కసారి నా దిక్కు చూడనియ్యి."

ఆ వారంలోనే ఒక సేవాసంస్థ తరఫున సల్మా అనే ఆమె వార్డుకు వచ్చింది. నడివయసు మనిషి, తలకు స్కార్ఫు, ముందర చక్రాల బండి మీద టీవీ, దానికి వీడియో గేము. నన్ను పలకరించకుండా నేరుగా స్నేహ పక్కన కూర్చుంది.

"బేటా, గీ చేప దుంకాలె. నాకు చాతనైత లేదు, జర చూడు" అన్నది.

స్నేహ తల తిప్పలేదు. సల్మా ఒక్కతే ఆడింది, ఆమె చేప రాయికి తగిలి చచ్చింది, మళ్లీ మొదలుపెడితే మళ్లీ చచ్చింది. తర్వాతి వారం కూడా వచ్చి అట్లాగే ఓడిపోతూ కూర్చుంది. నేను పండు కోస్తున్నాను, వెనక నుంచి సన్నటి గొంతు వినిపించింది.

"రాయి రాకముందే ఒత్తాలె, ఆంటీ."

నా చేతిలో కత్తి ఆగిపోయింది. స్నేహ ఇటు తిరిగి టీవీ చూస్తోంది. సల్మా ఏమీ ఆశ్చర్యపోనట్టుగా, "గట్లనా? అయితే నువ్వే ఒత్తు" అని ఆట పరికరాన్ని పిల్ల చేతి కింద పెట్టింది. ఎంతోసేపు ఏమీ కాలేదు. తర్వాత, సహోదరులారా, నా కళ్లెదుట ఆ బొటనవేలు వణికి, వంగి, బటన్ మీద పడింది. చేప దూకింది. మందులిస్తున్న నర్సమ్మ ట్రే పట్టుకొని అక్కడే నిలబడిపోయింది. స్నేహ నా వైపు చూసి, "అమ్మా, చూసినవా?" అన్నది. నేను కత్తి పక్కన పెట్టి ఆ బొటనవేలిని ముద్దు పెట్టుకున్నాను.

ఆ రోజు నుంచి ఆట కోసం వేళ్లు, వేళ్ల తర్వాత మణికట్టు, కొన్ని నెలలకు కాళ్లు కదిలాయి. ఇప్పుడు బడికి నడిచే పోతోంది.

ఆసుపత్రి నుంచి ఇంటికి పంపే రోజు సల్మా చేతులు పట్టుకొని అడిగాను, "అక్కా, నువ్వు గీ పని ఎందుకు చేస్తున్నవ్?"

"నా కొడుకు గిసొంటి మంచం మీదనే ఉండె. ఇంటికి రాలే. ఆఖరి రోజుల్ల ఎవరో గిట్లనే ఆట తెస్తే మస్తు నవ్విండు. గందుకే" అన్నది.

నా బిడ్డను ఇచ్చి ఆమె బిడ్డను దేవుడు ఎందుకు తీసుకున్నాడో నాకు తెలియదు, తెలిసినట్టు ఇక్కడ చెప్పను. నా ప్రార్థనకు జవాబు మాత్రం అంత దుఃఖం మోస్తున్న ఆమె చేతుల మీదుగా వచ్చింది. రోజూ ఆమె పేరు చెప్పి ప్రార్థిస్తాను.

ఈ మధ్య నేనూ ఆమెతో ఆ వార్డుకు పోతున్నాను. మొన్న ఒక తండ్రి, "గిది ఆడితే మా పోరడు లేస్తడా, అక్కా?" అని అడిగాడు. "నాకు తెల్వదన్నా. దేవుణ్ణి అడుగుదాం. నీ పక్కనే కూసుంట" అన్నాను. మీలో ఎవరికైనా ప్రార్థన చేయడానికి మాటలు కరువైతే నా దగ్గరికి రండి, మీతోనూ కూర్చుంటాను. చిన్న మనవిని కూడా వినే దేవుడు ఆయన, ఆయనకే మహిమ.