కంకర బాటకు అడ్డంగా మూడు బండలు

మా నాన్న అసలు పేరు ఆ బాట మీద తిరిగేవాళ్ళెవరికీ తెలియదు. అందరికీ ఆయన కంకరాయన. సైకిళ్ళ మీద పోయేవాళ్ళు చెయ్యి ఊపి "బాగున్నావా కంకరాయనా" అని పలకరిస్తే తల కూడా ఎత్తేవాడు కాదు. ఆయన చూపంతా వాళ్ళ చక్రాల మీదే. చక్రం పక్కకి జారిందా, రాయి ఎగిరిందా, అదే ఆయనకి కావలసింది. మనుషులు ఆ తర్వాత. ఈ మాట ఆయన బతికుండగా మొహం మీదే అన్నాను కాబట్టి ఇప్పుడు రాయడానికి నాకు మొహమాటం లేదు.

బాట సముద్రం వెంట సాగుతుంది. ఒకప్పుడు క్వారీ నుంచి పాత రేవుకి రాళ్ళు మోసిన చిన్న రైలు దారి అది. రేవు పూడిపోయాక పట్టాలు పీకేశారు. పీకిన కూలీల్లో మా తాత ఒకడు, ఆయన వెనకాల పలుగు మోసుకుంటూ నడిచినవాడు మా నాన్న. మిగిలిన కట్ట మీద కంకర పరిచి, మోటారు బండ్లు రాకూడదని ఆంక్ష పెట్టి, సైకిళ్ళకీ నడిచేవాళ్ళకీ వదిలేశారు. కట్టకి ఇటు సముద్రం, అటు కాలువ. దారిలో కూలిన కోట గోడ, దాని మూల మీద కాపలా బురుజు, చివరన దీపం ఆరిపోయిన లైట్‌హౌస్. దాని కింద కాపలాదారుకని కట్టిన రెండు గదుల్లో మేముండేవాళ్ళం. ఒక గది మాది, రెండోది నాన్న పారలదీ దంతెలదీ. ఇంట్లో ఎక్కడ అడుగేసినా కాలికి రాయి గుచ్చుకునేది.

"బాటంతా ఇంట్లోకి తెచ్చి పరిచావుగా, ఇక నన్ను కూడా రోలరు కింద పడుకోబెట్టు" అని అమ్మ చీపురు పట్టుకుని సణిగేది.

"నువ్వు అణిగే రకం కాదులే" అనేవాడు నాన్న. ఆయన నోట్లోంచి వచ్చిన సరసం అంతవరకే.

పని విషయంలో మాత్రం చాదస్తం. ఒడ్డున కావలసినన్ని గులకరాళ్ళు ఉండగా క్వారీ నుంచి పగలగొట్టిన రాయే తెప్పించేవాడు. గులకరాయి నున్నన, ఒకదాన్నొకటి పట్టుకోదు, చక్రం కింద పరిగెత్తుతుంది. పగిలిన రాయికి అంచులుంటాయి, తడిసి అణిగితే ఇక కదలదు. బాట మధ్య కాస్త ఎత్తు, అంచులు కాస్త వాలు, నీళ్ళు నిలవకుండా. రోజూ దంతెతో ఆ ఎత్తునీ వాలునీ సరిచేస్తూ ఇంటి నుంచి బయల్దేరి ఇంటికి వచ్చేవాడు.

అప్పట్లో బాట మొదట్లో ఇనుప గేటూ దానికో తాళమూ ఉండేవి. ఆ తాళం చెవి ఎవడడిగితే వాడికి దొరికేది. ఒక సాయంత్రం ఎవరో ఒడ్డున ఇసుక ఎత్తుకుపోవడానికి జీపు లోపలికి తెచ్చారు. బురుజు మలుపులో మా తమ్ముడు సైకిలు మీద ఎదురయ్యాడు. ఆ బాట మీద బండి వస్తుందని వాడెందుకనుకుంటాడు? పుట్టి బుద్ధెరిగాక అక్కడ పగటిపూట వచ్చే కంకర ట్రాక్టరు తప్ప మరో బండిని చూసినవాడు కాదు. పక్కకి తప్పుకోవాలని కూడా తోచలేదు వాడికి.

వాణ్ణి కాటికి పంపించిన మర్నాడే నాన్న గేటు పీకేశాడు. క్వారీ నుంచి మూడు పెద్ద బండలు దొర్లించి తెప్పించి, నడుము లోతు గోతులు తీసి, బాటకు అడ్డంగా పాతించాడు. వాటి సందుల్లోంచి సైకిలు పడుతుంది, ఆయన తోపుడు బండి పడుతుంది, మరేదీ పట్టదు. కంకర తెచ్చే ట్రాక్టరు కూడా బయటే దింపి పోవాలి. తాళం ఉంటే చెవి ఉంటుంది, చెవి ఉంటే ఎవడో ఒకడు తీస్తాడని ఆయన వాదన. అధికారులొచ్చి నచ్చజెప్పబోతే ఒంటికాలి మీద లేచాడు. కొడుకు పోయిన మనిషిని ఏమంటారు? ఊరుకున్నారు.

కోట గోడ దగ్గర సైకిళ్ళు అద్దెకిచ్చే పంచర్ బాబాయి ఒక్కడే ఊరుకోలేదు. వరసకి బాబాయే తప్ప నాన్నకి తోడబుట్టినవాడు కాదు. నేను పనిచేసేది ఆయన దుకాణంలోనే.

"అన్నా, రేపు లోపల ఎవరికైనా బాగోకపోతే ఏ దారిన తీసుకెళ్తావు?" అన్నాడు.

"నీ నోటికి మంచి మాటలు రావా?" అని నాన్న ఆయనతో మాటలు మానేశాడు.

కొన్నేళ్ళకి బాగోకపోయింది అమ్మకే. భోజనం దగ్గర కూర్చున్నది కూర్చున్నట్టే ఎడమ భుజం పట్టుకుని ఒరిగిపోయింది, ఒళ్ళంతా చెమట. నేను ఫోన్ చేశాను. అంబులెన్సు తొందరగానే వచ్చింది, బండల దగ్గర ఆగిపోయింది. నాన్నా నేనూ అమ్మని తోపుడు బండిలో పడుకోబెట్టి నెట్టుకుంటూ బయల్దేరాం. బురుజు అవతలి బాట మీద ఆ వారమే నాన్న కొత్త కంకర పరిచాడు. వాన పడలేదు, అదింకా అణగలేదు. చక్రం దిగబడిపోయింది. ఎత్తి నెడితే రెండడుగులు, మళ్ళీ దిగబడటం. అటునుంచి స్ట్రెచర్ పట్టుకుని పరిగెత్తుకొచ్చినవాళ్ళు మాకు ఎదురయ్యేసరికి అమ్మ చెయ్యి నా చేతిలో బరువెక్కిపోయింది.

ఊళ్ళో ఎవరూ పైకి ఏమీ అనలేదు. నాన్న మర్నాడే దంతె పట్టుకుని ఆ చక్రం గాడి చదును చేశాడు. అది చూసి నాకు ఒళ్ళు మండిపోయింది. అయినా నెలంతా పళ్ళు బిగబట్టుకుని, చివరికి ఒకరోజు అడిగేశాను.

"ఆ బండలు తీయించు నాన్నా."

"తమ్ముణ్ణి మర్చిపోయావా?"

"నువ్వు అమ్మని మర్చిపోయావా?"

ఆయన దంతె పళ్ళలో ఇరుక్కున్న రాయి పీకి పారేశాడు. "దాని ఆయుష్షు అంతే రాసుంది. బండి లోపలికొచ్చినా ప్రాణం నిలిచేది కాదు" అన్నాడు. ఆ మాట నాతో అంటున్నట్టు లేదు. ఆ ఒక్క మాటని పట్టుకుని ఆ మనిషి నిలబడి ఉన్నాడని నాకు అర్థమైంది. బండలు తీయించడమంటే ఆ మాట వదులుకోవడమే. అందుకే నేను మళ్ళీ అడగలేదు.

ఆయనే తీశాడు. ఎందుకు మనసు మార్చుకున్నాడో చెప్పలేదు. ఒక ఉదయం నడిమి బండ చుట్టూ పలుగుతో తవ్వుతూ కనిపించాడు. సాయం వెళ్తే వద్దన్నాడు. దాని చోట గేటు పెట్టించి, తాళం చెవి మొలతాడుకి కట్టుకున్నాడు. ఆ చెవి ఇంకెవరికీ ఇవ్వనని, గేటు పక్కన రేకుల పాక వేసుకుని మంచం అక్కడికే మార్చుకున్నాడు. పగలు దంతె పని, మిగతా వేళంతా కాపలా. వానకీ ఎండకీ అక్కడే. నేను క్యారేజీ పట్టుకెళ్తే సగం తిని, "వాసన చూడు, ఎవడైనా డీజిలు బండి వచ్చిందేమో" అనేవాడు. నవ్వాలో ఏడవాలో తెలిసేది కాదు నాకు.

ఆ ఏడు వానలు వెలిశాక, దుకాణంలో ట్యూబు అతికిస్తూ పంచర్ బాబాయి ఎడమ భుజం పట్టుకున్నాడు. అదే చెమట, అదే ఒరగడం. నేను అంబులెన్సుకి ఫోన్ చేశాను. అంబులెన్సు గేటు దగ్గరికి వచ్చేసరికే నాన్న సైరన్ విని తలుపులు బార్లా తెరిచి ఉంచాడు. దానికి ముందు పరిగెత్తుతూ, దారిలో ఉన్న సైకిళ్ళని కేకలేసి పక్కకి తప్పిస్తూ, కోట గోడ దాకా వచ్చాడు. అన్నేళ్ళుగా మాటలు మానేసిన మనిషిని తన చేతులతో ఎత్తి బండిలో పడుకోబెట్టాడు.

నేను వాళ్ళతో ఆసుపత్రికి వెళ్ళి మర్నాడు తిరిగొచ్చాను. బాట మీద అంబులెన్సు చక్రాల గాడులు లోతుగా పడ్డాయి. నాన్న వాటిని పూడుస్తున్నాడు.

"ఎలా ఉన్నాడు?"

"గండం గడిచింది నాన్నా. లేచి కూర్చున్నాడు. సమయానికి తీసుకురాబట్టి దక్కాడట, కాస్త ఆలస్యమైనా చెయ్యి దాటిపోయేదన్నాడు డాక్టరు."

సంతోషంలో గబగబా చెప్పేశాను. దంతె ఆగిపోయాక గానీ ఏం చెప్పానో నాకు తెలియలేదు.

"మీ అమ్మకొచ్చింది కూడా ఇదేగా?" అన్నాడు.

నేను తలొంచుకున్నాను.

"అయితే మీ అమ్మ కూడా దక్కేదేనన్నమాట."

కాదు నాన్నా అని ఒక్క మాట అనుంటే సరిపోయేది. అనలేకపోయాను.