ఒక పనికి ఒక లైను

లిఫ్టుల కంపెనీ ఆఫీసులో పన్నెండేళ్లు పనిచేసిన మనిషిని ఒక్క పూటలో స్పేర్ పార్టుల గదిలోకి తోసేశారు. ఫిర్యాదు ఫోను ఎత్తిందీ మేనేజరే, మరిచిపోయిందీ మేనేజరే. ఒక పెద్దాయన నాలుగు గంటలు లిఫ్టులో ఇరుక్కుపోయాక మాత్రం, "ఈవిడ రాసుకోలేదు" అని ఆమె వైపు వేలు చూపించాడు. ఆఫీసులో తొమ్మిది మంది ఉన్నారు. ఒక్కరి నోరూ పెగల్లేదు.

ఆమె పనులన్నీ కంప్యూటర్లో ఒకే ఫైల్లో రాసేది. రంగులూ బొమ్మలూ లేని ఉత్త అక్షరాలు, ఒక పనికి ఒక లైను. అందుకే లైనక్క అన్న పేరు వచ్చింది. లైను ముందు నక్షత్రం పెడితే అర్జంటు, ఇంటూ గుర్తు పెడితే అయిపోయినట్టు. అలా ఏళ్ల తరబడి నలభై గుర్తులు చేర్చుకుంది. ఆమె వెళ్లాక ఆ ఫైలు ఎవరికీ కొరుకుడు పడలేదు. ఖరీదైన సాఫ్ట్‌వేర్ తెచ్చారు. అది అడిగే ప్రశ్నలకు జవాబులు నింపేసరికి మధ్యాహ్నమయ్యేది. రెండేళ్లకు మళ్లీ ఆమెనే పిలిచారు. క్షమించమన్న మాట లేదు. "కొత్తవాళ్లకు నేర్పు. ఇంకోసారి ఏదైనా జరిగిందా, ఇక ఇంటికే," అన్నాడు మేనేజరు.

నలభై గుర్తులూ ఒకేసారి నెత్తిన రుద్దితే ఏమవుతుందో ఆమెకు తెలిసొచ్చింది. అందుకే వారానికి ఒక్కటే నేర్పేది. మొదటి వారం రాయడం. రెండో వారం అయిపోయినవి కొట్టేయడం. మూడో వారం తేదీ. కావలసిన లైన్లు మాత్రమే చూపించి మిగతావి దాచే జల్లెడ అయిదో వారానికి గాని లేదు.

మణికట్టు విరిగి మెకానిక్ పని వదిలేసి డెస్కుకు వచ్చినవాణ్ని అందరూ దూకుడు అని పిలిచేవారు. అతనికి ఈ నత్తనడక నచ్చలేదు.

"వారమంతా రాయడమేనా అక్కా? అది చిన్నప్పుడే బళ్లో నేర్పారు నాకు."

"మరి నిన్న మూడు పనులు ఒకే లైన్లో కుక్కావేం?"

"చోటు కలిసొస్తుందని."

"చోటుకేం కరువు నాయనా, అదేమన్నా బస్సు సీటా?"

రెండో వారంలోనే దూకుడు ఎక్కడో చదివి జల్లెడ వాడటం నేర్చుకున్నాడు. ఒక పొద్దున ఆ రోజు తేదీ ఉన్నవే చూపించమని కంప్యూటర్‌కు చెప్పాడు. తొంభై లైన్లు పదకొండయ్యాయి. మురిసిపోయి ఆ జాబితానే మెకానిక్కులకు పంచాడు.

తొమ్మిదీ ముప్పై ఆరుకు ఏదో లైను చేర్చబోయి ఫైలంతా తెరిచాడు. నిన్న సాయంత్రం తన చేత్తో రాసిన లైను కంటబడింది: "క్లినిక్ స్ట్రెచర్ లిఫ్టు, బ్రేకు మార్చేదాకా తిప్పొద్దు." దానికి తేదీ లేదు. తేదీ పెట్టడం ఆమె ఇంకా నేర్పలేదు. తేదీ లేదు కాబట్టి జల్లెడలో కనబడలేదు. లైనక్క మొన్న రాసి ఈరోజు తేదీ వేసిన "క్లినిక్ లిఫ్టు, పదింటికి ఆన్" మాత్రం జాబితాలో వెళ్లిపోయింది.

ముందు చేసిన పని, ఆ లైనుకు తేదీ అతికించడం, మొదట్నుంచీ అక్కడే ఉన్నట్టు. తర్వాత క్లినిక్‌కు వెళ్లిన మెకానిక్‌కు ఫోన్ చేశాడు. అందలేదు. మళ్లీ చేశాడు. లైనక్క పక్క బల్ల దగ్గరే ఉంది. రెండుసార్లు ఆమె వైపు లేచి, రెండుసార్లూ కూలబడ్డాడు. తొమ్మిదీ నలభై ఏడుకు గాని ఆమెకు చెప్పలేదు.

ఆమె అంతా విని ఒక్కటే అడిగింది. "ఎప్పుడు చూశావు?"

"ఇప్పుడే అక్కా."

క్లినిక్ ఫోన్ ఎంగేజ్. ఆమె అప్పటికే స్కూటర్ తాళాలు తీసింది. దూకుడు వెనక ఎక్కాడు. నాలుగు వీధులు, రెండు సిగ్నళ్లు. లోపలికి పరుగెత్తేసరికి లిఫ్టులో లైటు వెలుగుతోంది. కాలికి కట్టుతో ఉన్న ఒకావిడ స్ట్రెచర్ ముందు చక్రాలు గడప దాటేశాయి. లైనక్క కమ్మీ పట్టుకుని వెనక్కి లాగింది.

"ఎవరమ్మా నువ్వు? పైన డాక్టరు గారు ఎదురు చూస్తున్నారు!" అన్నాడు వార్డుబాయ్.

"చూడనీ. కావాలంటే మెట్లు దిగి వస్తారు."

లిఫ్టు ఆన్ చేసిన మెకానిక్ దాన్ని ఖాళీగా మూడో అంతస్తుకు పంపి చూశాడు. అది ఆగినట్టే ఆగి, ఒక మీటరు కిందికి జారింది. దూకుడే వెళ్లి స్విచ్చి ఆపాడు.

మధ్యాహ్నం మేనేజరు డెస్కు ముందుకొచ్చాడు. "మళ్లీ నీ ఫైలేనా?"

అందరి తలలూ కంప్యూటర్లలోకి దూరాయి. లైనక్క చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. నోరు మూసుకుంటే చాలు, తన కుర్చీ తనకుంటుందని దూకుడికి తెలుసు.

"సార్, ఆ జాబితా నాది. అక్క ఇంకా నేర్పని పని నేనే చేశాను. లైను ఫైల్లోనే ఉంది, కనబడకుండా చేసింది నేను."

"నిన్నెవరడిగారు?"

"ఎవరూ అడగరనే చెబుతున్నా సార్."

పార్టుల గది ఈసారి దూకుడికి దక్కింది. లైనక్క మీద మచ్చ పడలేదు. అయినా ఆ నెలాఖరుకు ఆమే రాజీనామా ఇచ్చేసింది. వెళ్లే రోజు పార్టుల గదికొచ్చి, నట్ల పెట్టె మీద కూర్చుంది. దూకుడు ఆమెను చూడటం అదే చివరిసారి.

"నా పరువు కాపాడావంటున్నారు, నిజమే. కానీ ఇప్పుడే చూశానన్నావు చూడు, నువ్వు తేదీ అతికించిన టైము ఫైలు మీదే ఉంది, తొమ్మిదీ ముప్పై ఆరు. పదకొండు నిమిషాలు పక్కనే ఉండి నాకు చెప్పడానికి భయపడ్డావు. తప్పు ఎవరైనా చేస్తారు. నన్ను చూసి భయపడటం మాత్రం నీకు నేనెప్పుడు నేర్పానా అని, రోజూ అదే ఆలోచిస్తున్నాను తమ్ముడూ."