ఏమని అడగమంటావమ్మా?

మిరప కల్లాల పక్కగా బస్సు వెళ్తుంటే తుమ్ము వచ్చినప్పుడల్లా ఆవిడ గుర్తొస్తుంది.

డిగ్రీ పూర్తయిన వేసవిలో అద్దంకి నుంచి గుంటూరు వెళ్తున్నాను. పక్క సీట్లో తెల్లచీర పెద్దావిడ, ఒళ్లో బైబిలు. ఘాటుకు ఇద్దరం ఒకేసారి తుమ్మి నవ్వుకున్నాం.

"ఏం చదివావమ్మా?"

"బీఎస్సీ మ్యాథ్స్ అండి. ఇకమీదట ఏం చెయ్యాలో తెలియట్లేదు. నాన్న బ్యాంకు కోచింగ్ అంటారు, అమ్మ బీఎడ్ అంటుంది, ఫ్రెండ్స్ సాఫ్ట్‌వేర్ అంటున్నారు."

"ప్రార్థన చేస్తాలే," అని నా తల మీద చెయ్యి పెట్టి కళ్లు మూసుకుంది. వెంటనే తెరిచింది. "ఏమని అడగమంటావమ్మా?"

"ఏదైనా మంచిదేనండి."

"అట్టా కాదు. ఆయన్ని అడిగేటప్పుడు నీక్కావాల్సింది చెప్పాలి."

మా ఇంట్లో శనివారం వెంకన్నకు దీపం పెడతాం. అయినా ఆ చెయ్యి కింద అబద్ధం చెప్పబుద్ధి కాలేదు.

"ఎమ్మెస్సీ అండి. ఇంకా లెక్కలే చదువుకోవాలనుంది."

ఆ మాట అప్పటిదాకా ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. నాకు నేను కూడా చెప్పుకోలేదు.

నా పేరైనా అడక్కుండా, "ఈ బిడ్డకి" అంటూ ప్రార్థించి చిలకలూరిపేటలో దిగిపోయింది.

ఇప్పుడు కాలేజీలో లెక్కలు చెబుతున్నాను. ఫైనలియర్ పిల్లలొచ్చి, "మేడం, బ్యాంకా, బీఎడ్డా, డేటా సైన్సా?" అని అడుగుతుంటారు.

"నీకోసం దేవుణ్ణి అడగాలంటే ఏమని అడగమంటావ్?" అంటాను.

ముందు నవ్వుతారు. తర్వాత తలుపు వైపోసారి చూసి, గొంతు తగ్గించి చెబుతారు.