భూలక్ష్మిగారింటి గీజరు

బెన్నీ మస్కట్‌లో ఒక హోటల్లో పదకొండేళ్ళు వేడినీళ్ళ ట్యాంకులు చూసుకున్నాడు. అమలాపురం తిరిగొచ్చాక గీజర్ల రిపేరే అతని బతుకుతెరువయింది. సముద్రం దగ్గరి ఊళ్ళలో బోరునీళ్ళు ఉప్పన. రెండేళ్ళు తిరక్కుండానే గీజరు లోపల సున్నంలా పొర కట్టేస్తుంది, ట్యాంకు తుప్పు పడుతుంది. అందుకని అతనికి పనికి లోటు లేదు. బెన్నీ చేసి వెళితే మళ్ళీ చూసుకోనక్కర్లేదని పేరు కూడా ఉంది.

ఆ రోజు పొద్దున్న సంచి సర్దుకుంటుంటే పాత సేఫ్టీ వాల్వు ఒకటి చేతికి తగిలింది. ముందురోజు ఓడలరేవులో భూలక్ష్మిగారి గీజరు నుంచి విప్పిందది. ట్యాంకులో ఒత్తిడి పెరిగితే నీళ్ళను బయటికి వదిలేది అదే. కారుతోందని విప్పి, కొత్తది తెచ్చేదాకా ఆ కన్నానికి బిరడా బిగించి వచ్చేశాడు. అంతవరకూ స్విచ్ వెయ్యొద్దని ఆవిడతో చెప్పాడా?

ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. చేతులు కడుక్కోవడం గుర్తుంది, ఆవిడ మజ్జిగ ఇవ్వడం గుర్తుంది. ఆ ఒక్క మాటే గుర్తు లేదు. పైగా ఆ గీజర్లో థర్మోస్టాట్ మొరాయిస్తోంది. నీళ్ళు మరుగుతున్నా కరెంటు ఆగదు.

ఫోన్ చేశాడు. మోగి మోగి ఆగిపోయింది.

“ఏవైందండీ, అలా ఉన్నారు?” అంది అతని భార్య మార్తమ్మ.

“భూలక్ష్మిగారికి ఫోన్ చేస్తూనే ఉండు. ఎత్తితే గీజరు వెయ్యొద్దని చెప్పు. వేసుంటే మెయిన్ దించేసి బయటికొచ్చేయమను,” అని బండి తీశాడు.

ఆవిడకి డెబ్బై దాటాయి. మోకాళ్ళ నొప్పులకి రోజూ ఎనిమిదింటికి వేడినీళ్ళు పోసుకుంటారు. అల్లవరం దాటేసరికి ఎనిమిదికి పావుగంట ఉంది. బండి ఆపి ఇంటికి ఫోన్ చేశాడు.

“ఎత్తడం లేదండీ,” అంది మార్తమ్మ.

ఆ తరవాత రొయ్యల చెరువుల మధ్య రోడ్డంతా అతని కళ్ళకి ఆనలేదు.

భూలక్ష్మిగారి తలుపు తీసే ఉంది. స్విచ్ మీద ఎర్రలైటు వెలుగుతోంది. ఆవిడ తువ్వాలు భుజాన వేసుకుని బాత్రూం గడియ తీస్తున్నారు. లోపల ట్యాంకు డబడబమంటోంది.

“అమ్మగారూ, లోపలికెళ్ళకండి. వాకిట్లోకి రండి,” అంటూనే మెయిన్ దించేశాడు.

ఒత్తిడి వదలడానికి కొళాయి తిప్పే ధైర్యం బెన్నీకి చాల్లేదు. ట్యాంకు చల్లారేదాకా ఇద్దరూ వాకిట్లోనే కూర్చున్నారు. చిన్న చప్పుడైనా బెన్నీ లేచి నిలబడుతున్నాడు.

చివరికి అడిగాడు. “నిన్న స్విచ్ వెయ్యొద్దని మీతో చెప్పేనాండీ?”

“లేదు బాబూ.”

“అయితే తప్పు నాదేనండి. ట్యాంకు పేలిపోయేదండి.”

ఆవిడ భుజం మీది తువ్వాలు తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. “చెప్పేనని నువ్వన్నా నమ్మేసేదాన్ని,” అన్నారు నెమ్మదిగా. “ఈమధ్య అన్నీ మర్చిపోతున్నాను కదా.”



మధ్యాహ్నం విప్పి చూస్తే ట్యాంకు అతుకు దగ్గర ఉబ్బిపోయి ఉంది. ఇక దానికి రిపేరు లేదు. మర్నాడు కొత్త గీజరు బిగించాడు. ఆవిడ పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని ఒక్కొక్కటీ అడిగారు. వాల్వు నుంచి అప్పుడప్పుడు నీటిచుక్కలు పడితే కంగారు పడక్కర్లేదని చెబితే, “ఆయ్,” అని తలూపారు.

ఇప్పుడు ఏ ఇంట్లోనైనా పని సగంలో ఆగితే బెన్నీ గీజరు వైరు ఊడదీసి గాని కదలడు. ఒక్కరోజుకి ఇంత చాదస్తమా అని కొందరు సణుగుతారు. అయినా పొద్దున్నే ఆ ఇళ్ళకి ఫోన్ చేస్తాడు. అవతలివాళ్ళు ఎత్తి మాట్లాడేదాకా టిఫిన్ ముట్టడు.