వంతెన మీద నల్లరేగడి

ఈ ఉదయం నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు పోయే బస్సులో, నా పక్కన కూర్చున్న పెద్దమనిషి కిటికీలోంచి కాలువ వైపు చూసి, సిమెంటు వంతెన మీద గడ్డి మొలవడమేమిటని ఆశ్చర్యపోయాడు. ఆ గడ్డి కింద మట్టి పోయించింది మా మేనమామ. పోయించిన తేదీ, ట్రాక్టరు తిరిగిన ట్రిప్పులు నా డైరీలో ఉన్నాయి. కానీ చెప్పే ఓపిక లేకపోయింది. తరువాతి స్టాపులో దిగి వెనక్కి నడిచాను.

మా మామ జింకలకు ఆగర్భశత్రువు. పప్పుశనగ మొలకెత్తిందంటే మంచె ఎక్కి, ఖాళీ నూనె డబ్బా మోగిస్తూ మందను పొలిమేర దాటించేవాడు. అవతలి పొలం సొంత వియ్యంకుడిది. "పిల్లనిస్తి, జింకల్ని గూడా ఇస్తాండా, తీసుకో బావా!" అని మంచె మీది నుంచి కేక వేసేవాడు. వియ్యంకుడు రెండు రోజుల్లో ఆ సారెను, మరికొన్ని తిట్లు కలిపి, తిప్పి పంపేవాడు. తరువాత ఇద్దరి మధ్య కాలువ పడింది, మామ పొలాలకు ఇటువైపు పెద్ద రోడ్డు వచ్చింది, చేల చుట్టూ కరెంటు కంచె తీగలు వచ్చాయి. తరమడానికి చోటు లేక మామ మంచె దిగాడు. మంద మాత్రం కాలువకూ రోడ్డుకూ నడుమనున్న బీడులో చిక్కుకుపోయింది.

మా అమ్మాయి చదువు అడవి జంతువుల మీద. సెలవుల్లో వచ్చి, ఆ బీడులో జింక పెంటికలు ఏరుకొని ల్యాబులో పరీక్షకు తీసుకుపోయింది. మళ్లీ వచ్చినప్పుడు మామ దగ్గర కూర్చొని, "తాతా, ఇవన్నీ ఒకే ఇంటివి. బయటి నెత్తురు కలవడం లేదు" అంది.

"అయితే ఏమాయ పాపా? మనలో మేనరికాలు ల్యావా?"

"ఇది మేనరికం కాదు తాతా. అన్నా చెల్లెలూ, నాయనా కూతురూ. ఒక్క రోగం తగిలితే అన్నీ పోతాయి. వెనక మీరిద్దరూ అటూ ఇటూ తరిమేవాళ్లు గనక కలిసేవి."

మామ కాలువ అవతలి చేల వైపు చూశాడు. ఆ తరువాత, "అంటే మేం తిట్టుకుంటా తరిమిందే వాటికి పెండ్లి సంబంధాలంటావ్" అన్నాడు.

సిమెంటు మీద గిట్టలు జారతాయని, ఎవరూ వాడని ఆ పాత వంతెన మీద నల్లరేగడి పోయించి, గడ్డి విత్తనం చల్లించాడు. వియ్యంకుడు తీగ విప్పుతానని, తరమనని మాట ఇచ్చాడు. గడ్డి నిలిచాక ఒక తెల్లవారుజామున మామ పాత డబ్బా బయటికి తీశాడు. మంద వంతెన దాకా వచ్చి ఆగిపోయింది. కొమ్ములు అప్పుడప్పుడే మెలి తిరుగుతున్న ఒక్క పోతు మాత్రం మట్టిని వాసన చూసి, నడిచి, అవతలి గట్టు దిగింది. మా అమ్మాయి నా మోచేయి గట్టిగా పట్టుకుంది.

అప్పుడు అవతలి వైపు నుంచి డబ్బా మోగింది. పోతు నాలుగు దూకుల్లో వెనక్కి వచ్చేసింది.

మామ ఫోను తీసి, "ఏందీ బావా! మాటంటే మాట గాదా?" అని అరిచాడు. వియ్యంకుడి గొంతు నాకూ వినిపించింది. "ఏం జేసేది బావా, శనగల్లో కొమ్ములు కనపడినాయ్. చెయ్యి ఊరుకోల్యా." మామ ఫోను పెట్టేసి, "నేనైనా అదే జేసుందును" అని, డబ్బాను కాలువలోకి విసిరేశాడు.

ఆ తరువాత ఎవరూ ఎన్నడూ డబ్బా మోగించలేదు. వియ్యంకుడు తీగ మళ్లీ కట్టలేదు.

ఈ రోజు చూశాను. వంతెన మీద గడ్డిని ఇవతలి సగం దాకా జింకలు నున్నగా మేశాయి, అవతలి సగం మోకాలెత్తు పెరిగింది. ఇంటికి వెళ్లేసరికి, మోకాళ్లు పట్టేసి మంచం దిగలేని మామ, "యాడిదాకా మేసినాయ్ అల్లుడూ?" అన్నాడు.

"సగం దాకా మామా."

"పోయినేడూ సగమే గదా."

ఆ మోత విన్న జింకలన్నీ కాలం చేసి, విననివి పెద్దవైతే అవే దాటుతాయని మామ లెక్క. ఎన్నేళ్లు పడుతుందో వేళ్ల మీద కూడి, నన్ను రాసుకోమన్నాడు. ఆ కూడికలో తన వయసును ఆయన కలుపుకోలేదు. నేనూ కలపలేదు.