ఆడినవాడు, ఆడించినవాడు

పాత ఆటగాళ్ల ఫొటో తీసేటప్పుడు నన్ను పక్కకు జరగమన్నారు.

జరిగాను. జరిగిన తర్వాత కోపం వచ్చింది. నా కోపం పాసింజర్ బండి లాంటిది. ఆలస్యంగా వస్తుంది, వచ్చిందంటే ప్రతి స్టేషన్‌లోనూ ఆగుతుంది.

జరగమన్నది ఫొటోగ్రాఫర్ కాదు. పాపం, అతనికేం తెలుసు. అన్నది మా ఫార్వర్డ్. కుర్రతనంలో నాతోపాటు ఒకే ఫుట్‌బాల్ జట్టులో ఆడినవాడు. మా క్లబ్బువాళ్లు పాతవాళ్లందరినీ నాంపల్లిలో ఓ ఫంక్షన్ హాలుకు పిలిచి శాలువాలు కప్పారు. తర్వాత ఫొటో అన్నారు. వాడు ముందు వరుసలో నడిమి కుర్చీలో కూర్చుని, శాలువా సర్దుకుంటూ, ఈగను తోలినట్టు చెయ్యి ఊపాడు.

"అరే, నువ్వు జర జరుగు. ఇది ఆడినోళ్ల ఫొటో. నువ్వు ఆడించినోనివి గదా."

"నేను ఆడలేదారా?"

"ఎంత ఆడినవ్? మోకాలు పోయినంక మొత్తం బయటనే నిలవడి ఆడించుడే గదా. కోతిని తెచ్చెటోడు గూడ ఆడిస్తనే ఉంటడు భయ్!"

హాలంతా నవ్వింది. ఆ నవ్వులోనే ఫొటో పడింది. అందుకే అందులో అందరూ అంత బాగా వచ్చారు.

ఆ మాట నన్నెందుకు కోసిందో చెప్పాలి. నేను ఏడో తరగతిలో బడి మానేసినవాడిని. స్టేషన్ ఎదుటి సందులో లాడ్జి కౌంటర్ దగ్గర నా జీవితం గడిచింది. ఇప్పటికీ మధ్యాహ్నాలు అక్కడే కూర్చుంటాను. చదివినదంతా ఆదివారాలు అబిడ్స్ ఫుట్‌పాత్ మీద కొన్న పుస్తకాల్లోంచి చదివిందే. అందులో అట్ట ఊడిపోయిన తెలుగు వ్యాకరణం ఒకటి ఉంది. "ఆడు" అనే మాటకు చివర "ఇంచు" చేరిస్తే "ఆడించు" అవుతుందని అందులోనే నేర్చుకున్నాను. చేసేవాడొకడు, చేయించేవాడొకడు. బిడ్డకు అన్నం తినిపించే తల్లిని ఎవరూ చిన్నచూపు చూడరు. గుడ్డివాణ్ని రోడ్డు దాటించినవాడికి దండం పెడతారు. ఒక్క ఆట దగ్గరికి వచ్చేసరికి ఆ చివరి ముక్క మనిషిని గీత బయటికి నెట్టేస్తుంది. ఎంత దూరం? ఒక్క ఇంచు! ఆ ఇంచు దూరంలో నిలబడ్డందుకు నేను కోతులవాణ్నయ్యాను.

ఇంటికి వచ్చి చెబితే మా ఆవిడ కూరగాయల మీంచి తల ఎత్తలేదు.

"ఫొటోల లేకపోతే ఏంది? ఇంట్ల అద్దం లేదా, చూసుకో" అంది.

తర్వాతి వారం ఇరానీ హోటల్లో మా ఫార్వర్డ్‌ని పట్టుకున్నాను. పాతవాళ్లం కొందరం అక్కడ పొద్దున కలుస్తాం. సగం మంది చాయ్‌లో చక్కెర మానేశారు, అబద్ధాలు మాత్రం మానలేదు. వాడు తన పాత గోల్ ఒకటి చెబుతున్నాడు. ఆ గోల్ నాకు తెలుసు. దానికి పాస్ ఇచ్చింది నేను. వాడు చెప్పేటప్పుడు బంతి ఆకాశంలోంచి ఊడిపడ్డట్టు చెబుతాడు. నేను మధ్యలో ఆపాను.

"ఆడుడొస్తే ఆడించుడు గూడ అదే వస్తదంటవా?"

"రాదా మరి? ఈత వచ్చినోడు నీళ్లల్ల దిగమని చెప్పలేడా?"

"అయితే ఒక టీముని తయారు చేసి తేరా. నా పోరగాళ్ల మీద ఆడిపియ్యి."

వాడికి నవ్వొచ్చింది. "నీ చీరలోళ్ల మీదనా?"

చీరలవాళ్లంటే నా జట్టు. అబిడ్స్‌లో బట్టల దుకాణాల్లో, చెప్పుల దుకాణాల్లో, మొబైల్ కవర్లమ్మే కొట్లలో పనిచేసే కుర్రాళ్లు. మెదక్, మహబూబ్‌నగర్, నల్లగొండ వైపు నుంచి వచ్చినవాళ్లు. దుకాణం షట్టర్ లేచేలోపు ఓ స్కూలు మైదానంలో ఆడుకుంటారు. అంతకుముందు నేను చాలా జట్లను ఆడించాను. కానీ ఇంత మొండి జట్టు లేదు.

"నేనోడితే ఏం జెయ్యాలె?" అన్నాడు.

"ఆడించుడు గూడ ఆటనే అని ఒప్పుకోవాలె. అందరి ముంగట."

"నువ్వోడితే?"

అక్కడ నేను ఆగి ఉండాల్సింది. ఆగలేదు. "నేనోడితే ఇగ గ్రౌండు మొఖం చూడ" అన్నాను.

బల్ల దగ్గర అందరూ నా వైపు తిరిగారు. హోటలతను కూడా కప్పులు పెట్టి మా మొహాలు చూశాడు. బయటికొచ్చాక మెట్రో స్తంభం నీడలో నిలబడి, ఇదేం మాట అన్నాను రా నాయనా అనుకున్నాను. పొద్దున లేచి గ్రౌండుకు వెళ్లకపోతే నేను ఎక్కడికి వెళ్లాలి? లాడ్జిలో రాత్రి బండ్ల నుంచి దిగినవాళ్ల మొహాలు చూస్తూ కూర్చోవాలా?

వాడు హిమాయత్‌నగర్ వైపు కాలేజీ కుర్రాళ్లను పోగుచేశాడు. పొడుగ్గా ఉన్నారు. బూట్లు మెరుస్తున్నాయి. వాడి సాధన ఎలా సాగుతోందో ఓసారి దూరం నుంచి చూశాను. చూడకూడదా? చూశాను. వాడు బంతిని కాలితో ఎత్తి, మోకాలి మీద ఆపి, అటు తిప్పి ఇటు పంపి, "గిట్ల!" అన్నాడు. ఈ వయసులో! నిజంగా అందంగా ఉంది. నా కళ్లే చెమర్చాయి. కుర్రాడొకడు "ఎట్ల సార్?" అన్నాడు. వాడు మళ్లీ చేసి "గిట్లరా!" అన్నాడు. అంతే. వాడికి అంతకుమించి మాట లేదు. ఎలా చేస్తాడో వాడికే తెలియదు. కోకిలను ఎలా కూస్తావని అడిగితే మళ్లీ కూస్తుంది కానీ పాఠం చెప్పదు.

నాకు ఆ కాలు ఎప్పుడూ లేదు. నేను ప్రతిదీ కష్టపడి నేర్చుకున్నాను కాబట్టి ఎక్కడ కష్టమో నాకు తెలుసు. ఇందులో నా గొప్పేమీ లేదు, దరిద్రమే ఉంది. కానీ ఆ దరిద్రమే నేర్పేవాడికి ఆస్తి.

మా చీరల దుకాణం కుర్రాడు ఒకడున్నాడు. పొట్టిగా, కాస్త బొజ్జతో ఉంటాడు. బంతి వస్తే చాలు, తల దించి దాన్నే చూస్తాడు. తల ఎత్తేలోపు ఎవడో ఒకడు దాన్ని కొట్టుకుపోతాడు. తల ఎత్తరా అని ఎన్నిసార్లు అరిచినా లాభం లేదు. ఒకరోజు పనుండి వాడి దుకాణానికి వెళ్లాను. ఒకామె మెట్లెక్కి వస్తోంది. వీడి చేతులు చీర మడతపెడుతూనే ఉన్నాయి, కళ్లు ఆమె మీదున్నాయి. ఆమె నోరు తెరవకముందే పై అరలోంచి ఆకుపచ్చది లాగాడు. ఆమె అదే తీసుకుంది.

మర్నాడు గ్రౌండులో అడిగాను. "నిన్న చీర మడతపెడ్తుంటే చేతులను చూసినవా?"

"చేతులనెందుకు చూస్తం కాకా? కస్టమర్ కండ్లను చూడాలె. కండ్లు ఏ అర మీదికి పోతే గదే తియ్యాలె."

"బాల్ చీర అనుకో. దాని సంగతి కాలుకు తెల్సు. నువ్వు కండ్లు చూడు."

వాడు నోరు తెరిచి నన్ను చూశాడు. తర్వాత నవ్వాడు. పక్కన చెప్పుల దుకాణంవాడు "మరి నేను ఎవని కండ్లు చూడాలె కాకా? మా దుకాణంల అందరు కాళ్లే చూపిస్తరు" అన్నాడు. "నువ్వు డిఫెన్స్ గదరా, కాళ్లే చూడు" అన్నాను. ఆ రోజు నుంచి మా జట్టు మారింది. నమ్మితే నమ్మండి.

ఆదివారం పొద్దున మ్యాచ్ పెట్టుకున్నాం. ఫొటోలో ఉన్నవాళ్లంతా వచ్చారు. నేను గ్రౌండు మానేస్తానన్న మాట ఖైరతాబాద్ దాకా పాకిందట. ఒకరిద్దరు దాన్ని చూడ్డానికే వచ్చారు. మనుషులు అంతే. పండగకు రమ్మంటే పనుందంటారు, పాడె లేస్తుందంటే ముందు నిలబడతారు.

మొదటి సగం వాళ్లదే. ఆ పొడుగు కుర్రాళ్లు మమ్మల్ని ఉతికారు. ఒక గోల్ కూడా చేశారు. గీత బయట వాళ్లను ఆడిస్తున్న మా పాత ఫార్వర్డ్ నిలబడలేక ఉరుకుతున్నాడు. ఇవ్వరా, కొట్టరా, గట్ల కాదురా! అరిచీ అరిచీ వాడి గొంతు పోయింది. వాడి కుర్రాళ్లు వాడి వైపు చూడటం మానేశారు. వెనకాల పాతవాళ్లలో ఒకడు నా చెవిలో "రేపటి నుంచి పొద్దున ఏం చేస్తవ్ మరి?" అన్నాడు. విరామానికి ఇంకెంత సేపుందో గడియారం చూసుకున్నాను.

విరామంలో నా వాళ్లు నా చుట్టూ కూర్చున్నారు. భయపడుతున్నారు. ఓడితే కాకా రాడు అన్న సంగతి వాళ్లకూ తెలుసు. నేను ఎక్కువ మాట్లాడలేదు. "దుకాణం తెరిచిన్రు అనుకోన్రి. కండ్లు చూడున్రి" అన్నాను.

రెండో సగంలో సమం చేశాం. మొబైల్ కవర్లవాడు కొట్టాడు. నిజం చెబుతున్నా, అది కొంత అదృష్టం. వాళ్ల డిఫెండర్ కాలికి తగిలి లోపలికి పోయింది. ఆ తర్వాత జరిగింది మాత్రం అదృష్టం కాదు.

బంతి గీత వెంట దొర్లుకుంటూ, బయట నిలబడ్డ మా పాత ఫార్వర్డ్ వైపు పోతోంది. బయటికి పోలేదు, గీత మీదే ఉంది. వెనకాల మావాడొకడు, వాళ్లవాడొకడు పరుగెత్తుతున్నారు. మా ఫార్వర్డ్ కాలు లేచింది. తోలు చెప్పు వేసుకున్న కాలు. బంతిని పువ్వులా ఆపి, మెలితిప్పి, ముందు నిలబడ్డ పొడుగు కుర్రాడికి పంపాడు. అబ్బ, ఏం పాస్ అది! కుర్రాడు గోల్‌లో కొట్టేశాడు. మా ఫార్వర్డ్ రెండు చేతులూ పైకెత్తి గంతు వేశాడు.

రిఫరీ విజిల్ వేశాడు. చిన్నవయసువాడు, చాలా మర్యాదస్తుడు. నడిచి వచ్చాడు.

"సార్, మీరు ఆటల లేరు" అన్నాడు.

"ఏంది?"

"మీరు బయట ఉన్నరు సార్. బాల్ ముట్టరాదు." ఎర్ర కార్డు తీసి చూపించాడు.

గ్రౌండంతా పగలబడి నవ్వింది. పాతవాళ్లు పొట్టలు పట్టుకున్నారు. ఫోన్లలో వీడియోలు తీశారు, అది ఇప్పటికీ తిరుగుతోంది. ఆడిన రోజుల్లో ఒక్కసారి కూడా బయటికి పోనివాడు, ఆడించిన మొదటి మ్యాచ్‌లోనే పోయాడు. నేను నవ్వలేదు. నా నోటికి నవ్వు వచ్చేదే, కానీ నేను నా కాలు వైపు చూసుకుంటున్నాను. ఆ బంతి వచ్చినప్పుడు నా కాలు కూడా కదిలింది. చెప్పు లోపల. ఎప్పుడూ కదులుతుంది. ఇన్నేళ్లలో ఏ బంతికీ అది కదలకుండా లేదు. దాన్ని చెప్పులోనే ఆపుకోవడం నేను నేర్చుకున్న విద్య. దానికి ఎవరూ శాలువా కప్పరు.

ఆ గోల్ చెల్లలేదు, ఫౌల్ మాకిచ్చారు. ఫౌల్ వల్ల గెలిచారని తర్వాత కొందరన్నారు. ఆ మాటన్నవాళ్లను నా ఎదుట అనమనండి చూద్దాం! ఫౌల్ బంతినిచ్చింది, గోల్ ఇవ్వలేదు. మధ్య గీత దగ్గర నుంచి చెప్పులవాడు చిన్నగా పక్కకు ఇచ్చాడు. అక్కడి నుంచి కవర్లవాడు, మళ్లీ చెప్పులవాడు, ఆ తర్వాత మా చీరల కుర్రాడు. బంతి వాడి కాళ్ల దగ్గర ఉంది. వాడు తల దించలేదు. గోల్‌కీపర్ మొహం వైపే చూశాడు. ఆ కీపర్ కళ్లు ఒక్కసారి ఎడమకు పోయాయి. మా వాడు కుడి వైపు, పై అరలోంచి చీర లాగినంత నిదానంగా తోశాడు.

నేను ఆడిన రోజుల్లో ఇచ్చిన పాసులున్నాయి, ఓ రెండు గోల్స్ కూడా ఉన్నాయి. ఆ సంతోషం ఇంటికి వెళ్లి స్నానం చేసేదాకా ఉండేది. ఇది అలాంటిది కాదు. నా ఒంట్లో పుట్టిన ఆలోచన ఇంకొకడి కాలిలోంచి బయటికొచ్చింది. ఒక మనిషికి రెండు ఒళ్లున్నట్టనిపించింది. కాదు, పదకొండు.

గెలిచాం. కుర్రాళ్లు నన్ను ఎత్తేశారు. ఒక చెప్పు ఎక్కడో పడిపోయింది. పైనుంచి చూస్తే నాంపల్లి అంతా నాదే అనిపించింది. "దించున్రిరా, మోకాలు!" అంటున్నా వినలేదు. చివరికి చీరలవాడే "కాకా, టైమైంది, సేటు తిడ్తడు" అని నన్ను దించి, చెమట చొక్కా మీదే దుకాణం చొక్కా తొడుక్కుని పరుగెత్తాడు.

అందరి ముందూ ఒప్పుకోవాల్సినవాడు మాత్రం లేడు. ఎటు పోయాడో ఎవరూ చూడలేదు. ఆ వారమంతా హోటల్‌కు రాలేదు. నా కోపం మళ్లీ బయల్దేరింది. గెలిచినా నా మాట నాకు దక్కలేదు. మా ఆవిడ "ఇంక ఎన్ని రోజులు మూతి ముడుసుకుంటవ్? గెలిచినవ్ గదా, అన్నం తిను" అంది. అన్నం తిన్నాను. కోపం దిగలేదు.

ఓ మధ్యాహ్నం లాడ్జిలో గదులు ఖాళీ చేసేవాళ్ల రద్దీ. పెట్టెలు, పిల్లలు, గొడవలు. తలెత్తి చూస్తే వరుసలో చివర మా ఫార్వర్డ్. పిలిస్తే ముందుకు రాలేదు. తన వంతు వచ్చేదాకా నిలబడ్డాడు. కౌంటర్ ముందుకొచ్చి రెండు చేతులూ దాని మీద పెట్టాడు.

"రూం కావాల్నా?" అన్నాను.

వాడు తల అడ్డంగా ఊపాడు. చుట్టూ ఉన్నవాళ్లంతా వింటుండగానే చెప్పాడు:

"అరే, ఆడినన్ని రోజులు నాకు బాల్ ఒక్కటే కనవడేది. మొన్న బయట నిలవడితే పదకొండు మంది కనవడ్డరు, ఒక్కనికి గూడ నేను కనవడలే. ఆడుడు సుఖంరా, కాదన. కానీ ఆడించుడు గూడ ఆటనే, నేనెన్నడు ఆడని ఆట. హోటల్ల గూడ చెప్తా, నీకు ఫికర్ వద్దు. అదంత ఒదిలిపెట్టు గానీ, రేపు పొద్దుగాల గ్రౌండుకు నేను ఎన్ని గంటలు గొట్టంగ రావాలె?"