గాజుల రోజు కోసం దాసిన మాట

నాలుగేళ్లయినాది. కూడు దిగదు, కునుకు రాదు. ఒక మాట దాసినాను, ఆ మాట నన్ను ఒక సోట ఉండనివ్వదు. నాకు రాత రాదు. నోటితో సెప్తన్నాను, రాసేవోరు రాస్తన్నారు. నువ్వెవురో నాకు తెల్దు. అయినా ఇనుకో.

నా కోడలు రేవతి తొలిసారి కడుపుతో ఉన్నాది. ఏడో నెల్లో గాజులు తొడగాలనుకున్నాము. నా మొగుడు పోయినప్పట్నుంచి ఏ గాజుల పేరంటానికెల్లినా నాను వంట కాడే. ముండమోసినదాన్ని, నా సెయ్యి తగలనివ్వరు. ఈసారి ఇక్కడే మలేసియాలో ఇపో ఊరి నుంచి మా ఆడబిడ్డ ఫోను సేసి, "ఈ రోజుల్లో అవన్నీ ఎవురు సూస్తన్నారు లా, వదినా? నీ కోడలికి నువ్వే ముందు తొడుగు. ఎవులైనా మూతి తిప్పితే నాను సూసుకుంటాను" అన్నాది. ఎంత పొంగిపోయినానో!

గాజులకి ముందురోజు పొద్దున్న. రేవతి తానం సేస్తంది. దాని ఫోను మోగినాది, తీసినాను. క్లినిక్ మిస్సీ, అదే నర్సమ్మ. మలాయి మనిషి, మలాయిలోనే మాటాడీది, ఇంటికొచ్చి మరీ కోడల్ని సూసీది. "ఆంటీ, నిన్న తీసిన ఒంటేలు, రకతం బాగోనేదు. ఇయాలే పెద్దాసుపత్రికి తీసుకెల్లండి. రేపటికి ఉంచొద్దు" అన్నాది. సరే లా మిస్సీ అన్నాను.

రేవతి తల తుడుసుకుంటా వొచ్చినాది.

"ఎవురత్తా?"

"మిస్సీ."

"ఏటంట?"

"ఏటీ నేదు. అంతా బాగుందంట. ఉప్పు తగ్గించి తినమన్నాది."

"ఎప్పుడూ అదే పాట" అని నవ్వినాది.

ఆ ఉప్పు మాట ఎందుకు కలిపినాను? అది నమ్మాలనే కదా. అంత తెలివి ఆ గడియలో నాకు ఎక్కడ్నుంచి వొచ్చినాది? మలాయి సరిగా అర్తం కానేదని ఇన్నాల్లూ నాకు నానే సెప్పుకున్నాను. అబద్దం. బతుకంతా ఎస్టేట్లో, ఫ్యాక్టరీలో మలాయే మాటాడినదాన్ని. అర్తమయినాది. ఒక్క రోజే కదా అనుకున్నాను.

తొడిగినాను. అందరికన్నా ముందు, నా సేత్తో. దాని సేతులు ఉబ్బిపోయి గాజులు ఎక్కనేదు. సబ్బునీల్లు రాసి ఎక్కించినాను. ఆ ఉబ్బు సూసినాను. సూసి కూడా నోరిప్పనేదు.

బోజనాల కాడ తలనొప్పన్నాది. కల్లు మసకలన్నాది. మూర్చొచ్చి పడిపోయినాది. ఆసుపత్రిలో గాజులు కత్తిరించి తీసినారు. రేవతి బతికినాది. కడుపులోది ఆడగుంట. గుంట బతకనేదు.

మా అబ్బాయి క్లినిక్కి ఎల్లి అరిసినాడు. ఆంటీకి సెప్పినాను కదా అని మిస్సీ నా ముకం సూసినాది. బాగుందనే సెప్పినావు మిస్సీ, అన్నాను. రేవతి కూడా అవునన్నాది, దానికి తెలిసింది అదే కదా. తరవాత ఆ మిస్సీని వేరే ఊరు పంపేసినారు. గుంటని ఒకసారి, ఆ మనిషిని ఒకసారి. రెండు సార్లు అన్నేయం సేసినాను.

ఇప్పుడు రేవతికి మల్లీ నాలుగో నెల. క్లినిక్కి ఎల్లనంటంది. "ఆల్లని నమ్మే కదా పోగొట్టుకున్నాను. నువ్వున్నావు, సాలత్తా" అంటంది. నాలుగు రోజులు ఇల్లంతా తిరిగినాను. సెప్తే నన్ను వదిలేస్తాది. సెప్పకపోతే ఇది కూడా పోతాదేమో. ఇందులో ఆలోసించడానికి ఏటుంది? అయినా నాలుగు రోజులు పట్టినాది నాకు.

ఇయాల పొద్దున్న సెప్పేసినాను. అది ఏడవనేదు, తిట్టనేదు. కొట్టినా బాగున్ను. కారు తాళం తీసుకున్నాది. "నువ్వు రావొద్దు" అన్నాది. ఒక్కర్తే క్లినిక్కి ఎల్లినాది. వొచ్చినాక తన కూడు తానే వడ్డించుకున్నాది. వొచ్చే వారం మల్లీ రమ్మన్నారని మొగుడితో ఫోన్లో అంటంటే ఇన్నాను. నా సంగతి ఆడికి ఇంకా సెప్పనేదు. అదే సెప్తాదో, నన్ను సెప్పమంటాదో తెల్దు. మిస్సీ ఇప్పుడు ఏ ఊర్లో ఉన్నాదో కూడా తెల్దు.

సెమించమని ఎవుర్నీ అడగను. నాను సేసినాను. ఇన్నాల్లూ నాకూ ఆ మిస్సీకీ తప్ప ఎవురికీ తెల్దు. పొద్దున్న దానికి తెలిసినాది. ఇప్పుడు నీకూ తెలిసినాది.